ఫ్లూ వైరస్‌ను కణం ఎక్కడ ఆపుతుంది? ఐఎఫ్‌ఐటీఎం3, ఎంఎక్స్‌ఏ ప్రోటీన్లపై ప్రాజెక్టు డైరీ

జూన్: ప్రశ్న ఖరారైంది

ఈ ప్రాజెక్టులో తేల్చుకోదలచిన విషయం ఒక్కటే. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్ కణంలో ఎంత మోతాదులో ఉన్నదనేది నిర్ణాయకమా, లేక కణంలో ఏ చోట ఉన్నదనేది నిర్ణాయకమా? నేను రెండోదాని వైపే మొగ్గుతున్నాను. ప్రోటీన్ ఎంత సమృద్ధిగా ఉన్నా అది వైరస్ వచ్చే దారిలో లేకపోతే కణానికి ఒరిగేది చాలా తక్కువని నా అభిప్రాయం. మా గైడు మేడం మాత్రం మోతాదును అంత తేలిగ్గా తీసిపారేయవద్దని మొదటి సమావేశంలోనే హెచ్చరించారు. ఇద్దరి మాటల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో ప్రయోగాలే చెప్పాలి కాబట్టి, చేసిన పనినీ దాని వెనుక ఉన్న ఆలోచననూ నెలవారీగా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ముందుగా వైరస్ నడిచే దారి. ఇన్‌ఫ్లుయెంజా ఏ వైరస్ తన పైపొర మీది హీమాగ్లుటినిన్ ప్రోటీన్ సాయంతో శ్వాసనాళపు కణాల ఉపరితలంపై ఉండే సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. కణం దానిని ఎండోసోమ్ అనే తిత్తిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ తిత్తి లోపలికి సాగే కొద్దీ దానిలో ఆమ్లత్వం పెరిగి, పీహెచ్ 5 దరిదాపులకు చేరేసరికి హీమాగ్లుటినిన్ తన ఆకృతిని మార్చుకుని వైరస్ పొరను తిత్తి పొరతో కలిపేస్తుంది. అక్కడ తెరుచుకున్న రంధ్రం గుండా వైరస్‌కు చెందిన 8 ఆర్‌ఎన్‌ఏ ఖండాలు, ఎన్‌పీ అనే న్యూక్లియోప్రోటీన్ తొడుగుతో సహా, కణద్రవ్యంలోకీ అక్కడి నుంచి కేంద్రకంలోకీ చేరతాయి. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ఎక్కువ భాగం కణద్రవ్యంలోనే పని ముగించుకుంటాయి. ఫ్లూ వైరస్ మాత్రం తన ఆర్‌ఎన్‌ఏ ప్రతులను కేంద్రకంలో తయారు చేసుకుంటుంది. ఈ ప్రయాణం పొడవైనది కావడమే కణానికి కలిసివచ్చే అంశం, ఎందుకంటే దానిని ఆపగలిగే మజిలీలు అందులో ఒకటికి మించి ఉన్నాయి.

మొదటి మజిలీలో ఉండే ప్రోటీన్ ఐఎఫ్‌ఐటీఎం3. దీని పాత్ర 2009లో బయటపడింది. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో స్టీఫెన్ ఎలెడ్జ్ బృందం, అబ్రహం బ్రాస్ ప్రధాన పరిశోధకుడిగా, మానవ కణాల్లో ఒక్కొక్క జన్యువునూ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో అణచివేసి, ఏ జన్యువు లేకపోతే ఫ్లూ వైరస్ తగ్గుతుందో, ఏది లేకపోతే పెరుగుతుందో వెతికింది. అలాంటి వెతుకులాటల్లో సాధారణంగా వైరస్‌కు అవసరమైన జన్యువులే ఎక్కువగా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం అణచివేస్తే వైరస్ మరింత పెరిగే జన్యువు ఒకటి స్పష్టంగా తేలింది. కేవలం 133 అమైనో ఆమ్లాలున్న ఈ చిన్న ప్రోటీన్ ఫ్లూతో పాటు డెంగీ, వెస్ట్ నైల్ వైరస్‌లను కూడా అడ్డుకుంటుందని అదే పరిశోధన చూపింది. వైరస్ సోకిన కణాలు హెచ్చరికగా వదిలే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ సంకేతం అందగానే కణాలు దీనిని విపరీతంగా తయారు చేస్తాయి, అయితే ఆ సంకేతం రాకముందు కూడా కొంత నిల్వ ఉంటుంది.

రెండో మజిలీలో ఎంఎక్స్‌ఏ. దాని సంగతి నవంబరులో చేయబోయే ప్రయోగాల దగ్గర వివరంగా రాస్తాను. జీవభద్రతా సంఘం అనుమతి వచ్చింది. వాడే వైరస్ పీఆర్8 మాత్రమే. ఇది 1934లో ప్యూర్టో రికోలో వేరు చేసిన, తరువాత దశాబ్దాల పాటు ఎలుకల్లోనూ గుడ్లలోనూ పెంచుతూ వచ్చిన ప్రయోగశాల రకం. పక్షి ఫ్లూ వైరస్‌ను సజీవంగా ముట్టుకునే ప్రసక్తే లేదు.

జూలై: వైరస్ నిల్వ, మీడియం

కోడి గుడ్లలో వైరస్‌ను పెంచడం పాత పద్ధతే అయినా పీఆర్8కు ఇప్పటికీ అంతకన్నా మంచిది లేదు. పది పదకొండు రోజులు పొదిగిన ఫలదీకరణ గుడ్లను చీకటి గదిలో దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే పెంకు లోపల ఎర్రటి రక్తనాళాలు వలలా పరుచుకుని, పిండం సన్నగా కదులుతూ కనిపిస్తుంది. గాలిగది అంచును పెన్సిల్‌తో గీసి, నాళాలు లేని చోటు చూసుకుని, చిన్న రంధ్రం చేసి వైరస్‌ను అల్లంటాయిక్ ద్రవంలోకి ఎక్కించాం. రెండు రోజుల పెంపకం తర్వాత గుడ్లను రాత్రంతా శీతలీకరణలో ఉంచడం తప్పనిసరి, ఎందుకంటే అలా చేయకపోతే ద్రవం తీసేటప్పుడు నాళాలు చిట్లి రక్తం కలుస్తుంది, అప్పుడు వైరస్ ఎర్రకణాలకు అంటుకుపోయి చేతికి అందేది తగ్గిపోతుంది.

తీసిన ద్రవంలో వైరస్ ఉందో లేదో చూడటానికి ఎర్రకణాల పరీక్ష చేశాం. అడుగు గుండ్రంగా ఉండే చిన్న గుంటల ప్లేటులో ద్రవాన్ని సగానికి సగం పలుచన చేస్తూ పోయి, ప్రతి గుంటలోనూ పలుచటి కోడి ఎర్రకణాలు వేశాం. వైరస్ ఉన్న గుంటల్లో హీమాగ్లుటినిన్ కణాలను ఒకదానితో ఒకటి కట్టివేయడం వల్ల అడుగంతా లేత గులాబి రంగు పొర పరుచుకుంది. వైరస్ లేని గుంటల్లో కణాలు జారి నడిమధ్యలో గట్టి ఎర్రటి చుక్కగా కూర్చున్నాయి. ప్లేటును ఒక పక్కకు వంచితే ఆ చుక్క నుంచి సన్నటి ధార కారుతుంది, పొర మాత్రం కదలదు. యంత్రం ఏదీ లేకుండా కంటితో వైరస్‌ను కొలవగలిగే ఈ పరీక్ష అంటే నాకు ఎనలేని గౌరవం. అయితే ఇది సోకగల వైరస్‌ను, సోకలేని వైరస్‌ను వేరు చేయదు కాబట్టి అసలు లెక్క కోసం ఎండీసీకే అనే కుక్క మూత్రపిండపు కణాల మీద, వైరస్ చంపిన చోట్ల ఏర్పడే ఖాళీ మచ్చలను లెక్కించే ప్లాక్ పరీక్ష విడిగా చేశాం. ఆ పరీక్షలో మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) ప్రోటీన్లను కోసే ట్రిప్సిన్ ఉండాలి, ఎందుకంటే హీమాగ్లుటినిన్ రెండు ముక్కలుగా తెగితే తప్ప పొరలను కలిపే శక్తి దానికి రాదు. మన ఊపిరితిత్తుల్లో ఈ కోత పని టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 వంటి మన ప్రోటీన్లే చేసిపెడతాయి.

ఇక మీడియం గురించి ఒక ముఖ్యమైన జాగ్రత్త. కణాల పెంపకంలో బూజు రాకుండా చాలా ప్రయోగశాలలు యాంఫోటెరిసిన్ బి కలిసిన మిశ్రమాన్ని అలవాటుగా వాడతాయి. ఐఎఫ్‌ఐటీఎం3 మీద పనిచేసేవారు దీనిని దూరం పెట్టాలి. యాంఫోటెరిసిన్ బి సమక్షంలో ఐఎఫ్‌ఐటీఎం3 ఫ్లూ వైరస్‌ను ఆపలేదని 2013లో రుజువైంది. ఆ మందు ఇచ్చిన ఎలుకల్లో ఫ్లూ తీవ్రంగా ముదిరిందని కూడా అదే పరిశోధన చూపింది. త్వచాలలోని స్టెరాల్‌లతో కలిసి త్వచపు గుణాన్నే మార్చే మందు ఇది కాబట్టి, ఐఎఫ్‌ఐటీఎం3 కూడా త్వచపు గుణాన్ని మార్చడం ద్వారానే పనిచేస్తుందనడానికి ఇది బలమైన సూచన. మా మీడియంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ తప్ప మరేదీ ఉండకూడదని ఇంక్యుబేటర్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

ఆగస్టు: కణ వంశాలు

ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి వచ్చిన ఏ549 కణాలను తీసుకుని, వాటి సొంత ఐఎఫ్‌ఐటీఎం3 జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తొలగించి, ఆ తర్వాత జన్యువులను మోసుకెళ్లే లెంటీవైరస్ ద్వారా మేము కోరుకున్న రూపాన్ని ప్రవేశపెట్టాం. ఒక వంశంలో మామూలు ఐఎఫ్‌ఐటీఎం3 ఉంది. రెండో వంశంలో 20వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అలనైన్‌గా మార్చిన రూపం, మూడో వంశంలో 72వ స్థానంలోని సిస్టీన్‌ను మార్చిన రూపం ఉన్నాయి. నాలుగోది ఖాళీ వెక్టర్, అంటే ఐఎఫ్‌ఐటీఎం3 జన్యువు లేని వాహకం మాత్రమే. అన్నింటిలోనూ జన్యువును డాక్సీసైక్లిన్ అనే మందు మోతాదును బట్టి ప్రోటీన్ తయారీని పెంచుకోగలిగే ప్రమోటర్ (జన్యువును నడిపే మీట) కింద ఉంచాం. ప్రాజెక్టుకు ఆయువుపట్టు ఈ ఏర్పాటే, ఎందుకంటే మోతాదును, చోటును విడివిడిగా మార్చగలిగితేనే నా ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆ రెండు స్థానాలను ఎంచుకోవడానికి కారణాలు వేరు వేరు. ఐఎఫ్‌ఐటీఎం3 తయారైన తర్వాత ముందు కణత్వచానికి వెళ్లి, అక్కడి నుంచి లోపలికి మళ్లి, ఎండోసోమ్‌ల చివరి దశలోనూ లైసోసోమ్‌లలోనూ స్థిరపడుతుంది. లోపలికి మళ్లించే గుర్తు ప్రోటీన్ మొదట్లో 20వ స్థానంలోని టైరోసిన్ చుట్టూ ఉంది. దానిని మారిస్తే ప్రోటీన్ కణత్వచం దగ్గరే ఉండిపోతుంది. 72వ స్థానంలోని సిస్టీన్‌కు పాల్మిటిక్ ఆమ్లం అతుక్కుని ప్రోటీన్‌ను త్వచంలో సరిగా నాటుతుంది, అది లేనప్పుడు రక్షణ శక్తి బాగా పడిపోతుంది. అంటే ఒక మార్పు చోటును చెడగొడుతుంది, ఇంకొకటి త్వచంతో పట్టును చెడగొడుతుంది.

యాంటీబాడీలతో ప్రోటీన్లను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో ఓపిక పట్టవలసి వచ్చింది. ఐఎఫ్‌ఐటీఎం2, ఐఎఫ్‌ఐటీఎం3 ప్రోటీన్లకు ఎంత దగ్గరి పోలిక అంటే, మార్కెట్లో దొరికే యాంటీబాడీల్లో చాలావరకు రెండింటినీ పట్టుకుంటాయి. 15 కిలోడాల్టన్ల దగ్గర కనిపించిన గీత దేనిదో తేల్చడానికి జన్యువు తొలగించిన కణాల నమూనా పక్కనే ఉండి తీరాలి. ప్రోటీన్‌కు గుర్తుగా తగిలించే ట్యాగ్‌గా మేము ఫ్లాగ్‌ను తీసుకున్నాం. హెచ్‌ఏ ట్యాగ్ అనేది ఫ్లూ వైరస్ హీమాగ్లుటినిన్ నుంచే వచ్చిన ముక్క కాబట్టి ఫ్లూ మీద పనిచేసే చోట దానిని వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. ట్యాగ్ వల్ల ప్రోటీన్ నడవడి మారలేదని చూపడానికి ట్యాగ్ లేని వంశాన్ని కూడా పక్కన పెంచుతున్నాం.

కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని చిత్రాలు నెలాఖరుకు వచ్చాయి. మామూలు ఐఎఫ్‌ఐటీఎం3 కేంద్రకం చుట్టూ చిన్న చిన్న చుక్కలుగా, ల్యాంప్1 అనే లైసోసోమ్ గుర్తుతో కలిసిపోయి కనిపించింది. టైరోసిన్ మార్చిన రూపం కణం అంచు వెంబడి సన్నటి గీతలా నిలిచింది, లోపల చుక్కలు అరుదు. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు పేర్లు చెప్పకుండానే ఏది ఏదో ఎవరైనా గుర్తుపట్టగలరు.

సెప్టెంబరు: వైరస్‌తో తొలి ఫలితాలు

నాలుగు వంశాలకూ ఒకే మోతాదు వైరస్ ఇచ్చి, గంట తర్వాత కడిగేసి, ఆరు గంటల దగ్గర ఆపి, ఎన్‌పీకి రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా చూసే ఫ్లో సైటోమీటర్‌లో లెక్కించాం. మీడియంలో ట్రిప్సిన్ వేయలేదు. అందువల్ల కొత్తగా పుట్టే వైరస్ పక్క కణాలకు సోకదు, కాబట్టి మేము చూస్తున్నది మొదటి ప్రవేశం మాత్రమే.

ఖాళీ వెక్టర్ ఉన్న కణాల్లో ఎక్కువ భాగం ఎన్‌పీతో వెలిగాయి. మామూలు ఐఎఫ్‌ఐటీఎం3 ఉన్న కణాల్లో ఆ సంఖ్య గణనీయంగా పడిపోయింది. టైరోసిన్ మార్చిన రూపం ఖాళీ వెక్టర్‌కు దగ్గరగానే నడిచింది, సిస్టీన్ మార్చినది మధ్యలో నిలిచినా రక్షణ లేని వైపే మొగ్గింది. ఇంతవరకు గతంలో ఇతరులు చూపినదే. అసలు పరీక్ష డాక్సీసైక్లిన్ మోతాదుతో మొదలైంది. టైరోసిన్ మార్చిన రూపాన్ని మా వ్యవస్థ అనుమతించినంత ఎక్కువగా తయారు చేయించినా, అతి తక్కువ మోతాదులో ఉన్న మామూలు రూపం ఇచ్చిన రక్షణకు అది సాటి రాలేదు. అదే సమయంలో మామూలు రూపాన్ని పెంచుతూ పోతే రక్షణ కూడా ఒక స్థాయి వరకు పెరిగింది, ఇచ్చే వైరస్ మోతాదును బాగా పెంచినప్పుడు మాత్రం ఆ రక్షణ కూడా కొంత సడలింది. కాబట్టి సరైన చోట ఉన్నప్పుడు మాత్రమే మోతాదుకు విలువ ఉంటుందన్నది ఈ నెల నిర్ధారణ. మేడం హెచ్చరికకూ ఇందులో న్యాయమైన స్థానం ఉంది.

ఈ ఫలితాలు చూపించినప్పుడు మా జూనియర్ ఒకే ప్రశ్న వేశాడు. "అక్కా, ఐఎఫ్‌ఐటీఎం3 ఎక్కువైన కణం అసలే నీరసించి ఏ వైరస్‌నూ రానివ్వడం లేదేమో, అది కాదని ఎలా చెబుతాం?" చాలా మంచి ప్రశ్న. దానికి జవాబుగా ఒకే రకమైన లెంటీవైరస్ గర్భానికి రెండు వేర్వేరు పైపొరలు తొడిగి పరీక్షించాం. ఫ్లూ హీమాగ్లుటినిన్ తొడిగిన దానిని ఐఎఫ్‌ఐటీఎం3 కణాలు ఆపాయి, ఎలుకల ల్యుకేమియా వైరస్ పైపొర తొడిగిన దానిని మాత్రం అవే కణాలు యథేచ్ఛగా రానిచ్చాయి. 2009 నాటి పరిశోధనలో కూడా ల్యుకేమియా వైరస్‌కు అడ్డు లేకపోవడం కనిపించింది. లోపలి సరుకు ఒకటే అయినప్పుడు తేడా అంతా ప్రవేశంలోనే ఉన్నదని, కణం నీరసించడం కారణం కాదని దీనివల్ల రూఢి అవుతుంది.

ప్రవేశంలో కచ్చితంగా ఏ క్షణాన అడ్డు పడుతుందన్నది నన్ను ఇంకా వెంటాడే విషయం. వైరస్ పొరలోనూ ఎండోసోమ్ పొరలోనూ రెండేసి అరలుంటాయి. ముందు ఒకదానికొకటి ఎదురుగా ఉన్న అరలు మాత్రమే కలిసి, ఆ తర్వాత మిగతా అరలు కలిసి, చివరికి రంధ్రం తెరుచుకుంటుంది. 2014లో ఒక్కొక్క వైరస్ రేణువునూ సూక్ష్మదర్శినిలో వెంబడించిన పరిశోధకులు, ఐఎఫ్‌ఐటీఎం3 ఉన్నప్పుడు కూడా పొరల్లోని కొవ్వు కలుస్తున్నదనీ, రంధ్రం మాత్రం తెరుచుకోవడం లేదనీ చూపారు. అంటే వైరస్ సగం దారి దాటాక నిలిచిపోతుంది, చివరకు లైసోసోమ్‌లో జీర్ణమైపోతుంది. ఈ ప్రోటీన్‌లో ఒక పక్క నీటిని, ఇంకో పక్క కొవ్వును ఇష్టపడే చిన్న సర్పిలాకార భాగం (హెలిక్స్) ఒకటి ఉంది, అది త్వచంలోకి ఒరిగి దానిని బిగుసుకుపోయేలా చేస్తుందన్న వివరణే ఇప్పటికి నాకు అన్నింటికన్నా సమంజసంగా తోస్తోంది. యాంఫోటెరిసిన్ బి ప్రభావం కూడా దీనితో సరిపోతుంది.

అక్టోబరు

కృత్రిమ జన్యువులు రావడం ఆలస్యమైంది, కాబట్టి ఈ నెల ప్రయోగాలు తక్కువ. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చిన మామూలు ఏ549 కణాల్లో ఐఎఫ్‌ఐటీఎం3ని అణచివేసి చూశాం. ఇంటర్‌ఫెరాన్ రక్షణలో పెద్ద భాగం పోయింది, అంతా మాత్రం పోలేదు. మిగిలిన ఆ భాగం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఎంఎక్స్‌ఏ వైపు నడిపిస్తుంది.

చదువుకున్నదానిలో ఒక విషయం మాత్రం నమోదు చేయాలి. 2012లో బ్రిటన్ పరిశోధకులు ఫ్లూతో ఆసుపత్రి పాలైన వారిలో ఐఎఫ్‌ఐటీఎం3 జన్యువులోని ఆర్‌ఎస్12252 స్థానంలో ఒక అరుదైన రూపం ఎక్కువగా ఉందని కనుగొన్నారు. ఆ రూపం వల్ల ప్రోటీన్ మొదటి 21 అమైనో ఆమ్లాలు లేకుండా తయారవుతుందని అప్పట్లో ప్రతిపాదించారు. అదే నిజమైతే 20వ టైరోసిన్ కూడా పోయి ప్రోటీన్ తప్పుడు చోట ఉండిపోవాలి, అంటే నా ప్రశ్నకు మనుషుల్లోనే ఉదాహరణ దొరికినట్లు అవుతుంది. అయితే తర్వాతి పరిశోధనలు అలాంటి కత్తిరించిన రూపం కణాల్లో తయారవుతున్నట్లు ఆధారం చూపలేకపోయాయి. యూరప్‌లో అరుదైన ఈ రూపం చైనా, జపాన్ ప్రజల్లో చాలా సాధారణం కాబట్టి దానికి తీవ్రతతో గల సంబంధాన్ని ఇంకా జాగ్రత్తగా చదవవలసి ఉంది. నా వాదనకు అనుకూలంగా ఉన్నదని దీనిని నా థీసిస్‌లో ఆధారంగా వాడను.

నవంబరు: ఎంఎక్స్‌ఏ

ఎంఎక్స్ కథ ఎలుకలతో మొదలవుతుంది. 1957లో లండన్‌లోని మిల్ హిల్‌లో అలిక్ ఐజక్స్‌తో కలిసి ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్న స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ లిండెన్‌మన్, 1962లో ఏ2జీ అనే ఎలుకల వంశం ఇతర ఎలుకలను చంపే మోతాదులో ఫ్లూ వైరస్‌ను ఇచ్చినా తట్టుకుంటున్నదని గమనించాడు. ఆ శక్తి ఒకే ఒక్క ప్రబల జన్యువు నుంచి వస్తున్నదని తేలింది, దానికి ఎంఎక్స్ అని పేరు పెట్టారు. ప్రయోగశాలల్లో వాడే ఎలుక వంశాల్లో అత్యధిక భాగం ఈ జన్యువు చెడిపోయినవే. అందువల్ల దశాబ్దాల పాటు ఎలుకల మీద జరిగిన ఫ్లూ ప్రయోగాల్లో ఈ ముఖ్యమైన రక్షణ అసలు లేకుండానే ఫలితాలు వచ్చాయి. ఫ్లూ మీద ఎలుక ఫలితాలు చదివే ప్రతి ఒక్కరూ ముందుగా ఆ వంశంలో ఎంఎక్స్ ఉందో లేదో చూసుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఎలుక ఎంఎక్స్1 కేంద్రకంలో ఉంటుంది, మనిషి ఎంఎక్స్‌ఏ కణద్రవ్యంలో ఉంటుంది. రెండూ జీటీపీ అనే శక్తి అణువును విచ్ఛిన్నం చేసే, డైనమిన్ కుటుంబానికి చెందిన పెద్ద ప్రోటీన్లు. 662 అమైనో ఆమ్లాల ఎంఎక్స్‌ఏకు తలలాంటి జీటీపేజ్ భాగం, దాని కింద కాడలాంటి భాగం ఉంటాయి, ఆ కాడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన ఎల్4 అనే మెలిక వైరస్‌ను గుర్తించడంలో కీలకం. దాని గురి వైరస్ ఎన్‌పీ మీద. కేంద్రకం వైపు వెళ్లే వైరస్ ఆర్‌ఎన్‌ఏ పోగుల్నీ, కొత్తగా తయారైన ఎన్‌పీనీ అది కణద్రవ్యంలోనే అడ్డుకుంటుంది.

ప్రయోగం కోసం సజీవ వైరస్ అక్కర్లేని పద్ధతిని ఎంచుకున్నాం. హెచ్‌ఈకే 293టీ అనే మానవ కణాల్లోకి వైరస్ పాలిమరేజ్ భాగాలైన పీబీ2, పీబీ1, పీఏలతో పాటు ఎన్‌పీని విడివిడి ప్లాస్మిడ్లుగా (చిన్న డీఎన్‌ఏ వలయాలుగా) పంపి, వైరస్ ఖండాన్ని పోలిన ఆర్‌ఎన్‌ఏ మీద కాంతిని పుట్టించే లూసిఫెరేజ్ జన్యువును ఉంచాం. వైరస్ యంత్రాంగం పనిచేస్తే కణాలు కాంతినిస్తాయి. పాలిమరేజ్ భాగాలన్నీ ఒకే రకం నుంచి తీసుకుని ఎన్‌పీని మాత్రమే మార్చాం: ఒకటి హెచ్5ఎన్1 పక్షి వైరస్‌ది, ఇంకొకటి 2009 విశ్వమారి (స్వైన్ ఫ్లూ) వైరస్‌ది. ప్రతిదానికీ ఎంఎక్స్‌ఏ ఉన్నప్పుడు, దాని నిర్వీర్య రూపం టీ103ఏ ఉన్నప్పుడు, ఐఎఫ్‌ఐటీఎం3 ఉన్నప్పుడు కాంతిని కొలిచాం.

హెచ్5ఎన్1 ఎన్‌పీతో వెలిగిన కాంతి ఎంఎక్స్‌ఏ కలపగానే దాదాపు ఆరిపోయింది, టీ103ఏ కలిపినప్పుడు మాత్రం ఏమీ మారలేదు. 2009 ఎన్‌పీతో వచ్చిన కాంతి ఎంఎక్స్‌ఏ ఉన్నా చాలావరకు నిలబడింది. ఇక ఐఎఫ్‌ఐటీఎం3 రెండింటిలో దేనినీ తాకలేదు. సెప్టెంబరులో వైరస్‌ను అంత గట్టిగా ఆపిన ప్రోటీన్, ప్రవేశమనే మెట్టు లేని ఈ వ్యవస్థలో పూర్తిగా నిరుపయోగమైంది. చోటు గురించి నేను చేస్తున్న వాదనకు ఇంతవరకు దొరికిన అన్నింటిలోనూ బలమైన సాక్ష్యం ఇదే.

రెండు ఎన్‌పీల మధ్య తేడా కొద్ది అమైనో ఆమ్లాలది. 1918 విశ్వమారి వైరస్ ఎన్‌పీలో 100, 283, 313 స్థానాల్లోనూ, 2009 వైరస్‌లో 53, 100, 313 స్థానాల్లోనూ వచ్చిన మార్పులే ఎంఎక్స్‌ఏను తప్పించుకునే శక్తిని ప్రధానంగా ఇచ్చాయని జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు 2013లో చూపారు. మనుషుల్లో స్థిరపడిన రెండు విశ్వమారి వైరస్‌లు వేర్వేరు కాలాల్లో దాదాపు ఒకే చోట తమను తాము మార్చుకోవడం చూస్తే, ఎంఎక్స్‌ఏ ఎంత బలమైన అడ్డంకో అర్థమవుతుంది. ఈ మార్పులు వైరస్‌కు ఉచితంగా కూడా రాలేదు, వాటివల్ల ఎన్‌పీ పోగులు కేంద్రకంలోకి చేరే సామర్థ్యం తగ్గుతుందని తర్వాత తేలింది. మేము మాత్రం మార్పులను ఒకే దిశలో చేస్తున్నాం: 2009 ఎన్‌పీలోని స్థానాలను తిరిగి పక్షి రూపానికి మార్చి, ఎంఎక్స్‌ఏకు లొంగే గుణం తిరిగి వస్తుందా అని చూడటం. రెండో దిశలో చేయవలసిన అవసరం నా ప్రశ్నకు లేదు, ప్లాస్మిడ్ల వరకే అయినా ఆ హద్దు పాటించడం మంచిదని మేమంతా అనుకున్నాం. 313 ఒక్కదాన్నే మార్చినా లొంగుబాటు స్పష్టంగా పెరిగింది.

ఎంఎక్స్‌ఏ మనుషుల్లో నిజంగా ఎంత ముఖ్యమన్నదానికి 2021లో ప్రచురితమైన పరిశోధన ఒకటి నాకు చాలా విలువైనదిగా తోచింది. చైనాలో పక్షి ఫ్లూ హెచ్7ఎన్9 సోకినవారి జన్యువులను చదివినప్పుడు, ఎంఎక్స్‌ఏను నిర్వీర్యం చేసే అరుదైన మార్పులు వారిలో ఎక్కువగా కనిపించాయి. ఎంఎక్స్‌ఏ సరిగా పనిచేసే వ్యక్తిలో పక్షి వైరస్‌కు తలుపు చాలావరకు మూసి ఉంటుందని, అది సరిగా లేని కొద్దిమందికి ప్రమాదం ఎక్కువని దీని సారాంశం.

డిసెంబరు: మూడో ప్రోటీన్, పక్షులు

2023లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైరస్ పరిశోధన కేంద్రం బీటీఎన్3ఏ3 అనే మరో మానవ ప్రోటీన్ పక్షి ఫ్లూ వైరస్‌లను అడ్డుకుంటుందని, మనుషుల్లో తిరిగే ఫ్లూ రకాలను మాత్రం ఆపలేదని ప్రకటించింది. దాని గురి కూడా ఎన్‌పీ మీదే, తప్పించుకునే మార్పు కూడా అదే 313వ స్థానంలో, లేదా 52వ స్థానంలో. మా ప్లాస్మిడ్లు ఇప్పటికే ఈ స్థానంతో సిద్ధంగా ఉన్నాయి కాబట్టి దీనిని ప్రాజెక్టులో చేర్చడానికి మేడం ఒప్పుకున్నారు.

ఈ పని మా ప్రాంతానికి దూరమైనది కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 వ్యాపించి లక్షల కోళ్లు పోయాయి, అదే ఏడాది పల్నాడు జిల్లాలో ఆ వైరస్ సోకి ఒక చిన్నారి మరణించింది. వరి కోతల తర్వాత పొలాల వెంట తిరిగే బాతుల మందలూ, పక్కనే వేల కోళ్లున్న ఫారాలూ ఉన్న ఆ నేల మీద పక్షుల సొంత రక్షణ ప్రోటీన్ల సంగతి కూడా రైతులకు చెప్పవలసిందే. వైరస్ ఆర్‌ఎన్‌ఏ చివరన ఉండే మూడు ఫాస్ఫేట్ల గుర్తును పట్టుకుని ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని లేపే రిగ్-ఐ అనే ప్రోటీన్ బాతుల్లో ఉంది, కోళ్లలో లేదని 2010లో తేలింది. ఒకే వైరస్‌ను బాతు తరచూ పెద్ద జబ్బు లేకుండా మోసుకు తిరగడానికీ, కోడి రెండు మూడు రోజుల్లో కుప్పకూలడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి. పైకి ఆరోగ్యంగా ఉన్న బాతుల మందను ఫారానికి దూరంగా ఉంచాలన్న పశువైద్యుల సలహాకు ఇంతకన్నా గట్టి శాస్త్రీయ కారణం నాకు కనిపించదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఇది. బీటీఎన్3ఏ3ని డాక్సీసైక్లిన్ వ్యవస్థలో ఉంచిన లెంటీవైరస్ ప్లాస్మిడ్ క్లోనింగ్ పూర్తయి, సీక్వెన్స్ సరిగా ఉందని రుజువైంది. జనవరిలో ఏ549 వంశం తయారు చేసి, అది కణంలో ఎక్కడ నిలుస్తుందో ముందు కాన్‌ఫోకల్‌లో చూసి, ఆ తర్వాతే పరీక్షలకు వెళ్తాం. 293టీ కణాల్లో ఎంఎక్స్‌ఏ, బీటీఎన్3ఏ3 రెండింటినీ తక్కువ మోతాదుల్లో కలిపి ఇచ్చినప్పుడు, 313వ స్థానం ఒక్కటే రెండింటి ఫలితాన్నీ నిర్ణయిస్తుందా, లేక వాటి గురి ఎన్‌పీ మీద వేర్వేరు అంచుల్లో ఉందా అన్నది తర్వాతి ప్రయోగం. దానికి కావలసిన ప్లాస్మిడ్ల గాఢతలను ఈ వారం కొలిచి పట్టికలో రాశాను. టీ103ఏ ప్లాస్మిడ్‌ను మాత్రం మళ్లీ పెంచి శుద్ధి చేయాలి.